ఈ పాట ఏ సినిమాలోది? మన చేలల్లో ఆడిన ఆట చరిత్ర



ఈసారి పురుగుమందులు, ధరల గురించి రాయను. అలాగని పొలం దాటి కూడా పోను. మనందరం ఆడిన ఆట ఒకటుంది. ఒకడు కూనిరాగం తీస్తాడు, మిగతావాళ్లు అది ఏ సినిమాలోదో చెప్పాలి. దీనికి కూడా చరిత్ర ఉంటుందా అని నవ్వుకోవద్దు. రాజులు ఎవరిమీద యుద్ధానికి పోయారో రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. మన కళ్లాల దగ్గర మనం ఏం చేశామో మనమే రాసుకోవాలి.

సినిమా రాకముందే మనవాళ్లకు ఈ రకం ఆట తెలుసు. పొడుపు కథలు ఉండనే ఉన్నాయి. అవిగాక నాటకాల పద్యాలు. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర, కాళ్లకూరి వారి చింతామణి ఆడని పల్లె మా వైపు ఉండేది కాదని మా నాయన అనేవాడు. సంతకం రానివాడు కూడా హార్మోనియం మోగగానే ఇప్పుడు రాబోయేది ఏ పద్యమో పక్కవాడి చెవిలో చెప్పేవాడట. చెప్పింది నిజమైతే బీడీ గెలిచినట్టు. 1932లో మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చింది. అది కూడా నాటకాన్ని తెరకెక్కించిందే, అందులో నటించింది సురభి కమలాబాయి. అంటే నాటకం పందిట్లో కూర్చున్న జనమే సినిమా డేరాలోకి లేచి వెళ్లారు, చేతిలో ఆటతో సహా.

టూరింగ్ టాకీసుల రోజులు మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటాయి. చాలాచోట్ల ఆట మొదలయ్యే ముందు ఘంటసాల గారి నమో వెంకటేశా రికార్డు వేసేవాళ్లు. అది వినపడితే చేలో ఉన్నవాడు కూడా కాళ్లు కడుక్కుని పరుగందుకునేవాడు. డేరా బయట పాటల పుస్తకం అమ్మేవాళ్లు. అందులో పాటలు, ముందు పేజీలో కొంచెం కథ. కథ మంచి పట్టు మీదికి రాగానే ఆపేసి, మిగతాది వెండితెర మీద చూడండి అని ముగించేవాళ్లు. టిక్కెట్టుకు డబ్బుల్లేనివాళ్లు ఆ మిగతా కథ ఏమై ఉంటుందో రచ్చబండ మీద కూర్చుని తలా ఒక రకంగా అల్లేవాళ్లు. చూసొచ్చినవాడు న్యాయం చెప్పాలి. కొన్నిసార్లు సినిమా కథ కంటే వీళ్లు అల్లిన కథే బాగుండేది, అది వేరే సంగతి.

ఆటకు అసలు ప్రాణం పోసింది మాత్రం రేడియో. ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. 1952లో కేంద్రంలో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే చిన్నచూపు. ఆయన హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. జనం ఊరుకుంటారా? రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. అదే ఏడాది సిలోన్ నుంచి అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా మొదలైంది. హిందీదే అయినా దేశమంతా విన్నది. మొదట్లో అది కూడా మన ఆటలాంటి పోటీయే. ఏడు పాటలు కలగాపులగంగా వేసేవాళ్లు. ఏది ముందొచ్చింది, ఏది తరువాతొచ్చింది అని వరస పెట్టి ఉత్తరం రాయాలి. బహుమతి 100 రూపాయలు. ఆ రోజుల్లో 100 రూపాయలంటే ఎంతో మీరే లెక్కేసుకోండి. తెలుగు పాటలకు సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు ఉండేవారు. ఆ గొంతు, ఆ పలకరింపు విన్నవాళ్లు మరిచిపోలేరు. జనం చేజారిపోతున్నారని తెలిశాక 1957 అక్టోబర్ 3న మన ప్రభుత్వం వివిధభారతి తెరిచింది. మంత్రి వద్దన్న పాటను శ్రోతలు పక్క దేశం నుంచి తెచ్చుకున్నారు. పల్లె జనానికి రుచి తెలియదనుకునే పెద్దలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

రేడియోలో ఒక మంచి అలవాటు ఉండేది. పాటకు ముందు చిత్రం పేరు, రచన ఎవరు, సంగీతం ఎవరు, గానం ఎవరు అని వరసగా చదివేవాళ్లు. రోజూ అవే పేర్లు చెవిన పడి పడి ఆత్రేయ, ఆరుద్ర, పింగళి, వేటూరి అనేవాళ్లు మన పక్కింటివాళ్లలాగా అయిపోయారు. ఒక్క పుస్తకం తెరవనివాళ్లు కూడా ఇది ఆత్రేయ మాట, ఇది వేటూరి మాట అని విడదీసి చెప్పేవాళ్లు. అంత తెలివి ఆ నాలుగు ముక్కల ప్రకటన నుంచే వచ్చింది.

ఇక మా పొగాకు బ్యారన్ల దగ్గరికి వస్తాను. గుంటూరు వైపు 1920ల నుంచి వర్జీనియా పొగాకు ఉంది. ఆకు కాల్చిన రైతుకు చెప్పక్కర్లేదు గానీ వరి, పత్తి రైతుల కోసం చెబుతున్నా. పచ్చాకు బ్యారన్లోకి ఎక్కించాక ఐదు నుంచి ఏడు రోజులు పొయ్యి ఆరకూడదు. మొదట సెగ 95, 100 డిగ్రీల దగ్గర పెట్టి ఆకును పసుపు పట్టించాలి. తరువాత మెల్లగా పెంచుకుంటూ పోయి, ఈనె ఆరేసరికి 160 దాకా తేవాలి. ఇది ఫారెన్‌హీట్ లెక్క. తొందరపడితే ఆకు మాడుతుంది, నిద్రపోతే రంగు పోతుంది. అన్నిటికంటే భయం చివరి రెండు రాత్రులు. ఎండిన ఆకు ఒక్కటి జారి కింద ఎర్రగా కాలుతున్న గొట్టం మీద పడితే చాలు, బ్యారన్ మొత్తం బుగ్గి. పక్క ఊళ్లో ఒకాయన ఒంటరిగా కాపలా ఉండి తెల్లవారుజామున కునుకు తీశాడు. ఆయన ఏడాది అప్పు తీర్చాల్సిన ఆకు గంటలో పోయింది.

అందుకే మేం ఒంటరిగా ఉండేవాళ్లం కాదు. నాలుగు బ్యారన్ల కాపలావాళ్లు ఒకచోట చేరేవాళ్లు. కథలు చెబితే వినేవాడు నిద్రపోతాడు. పేకాట పెడితే గొడవలు. మెలకువగా ఉంచేది ఈ ఆట ఒక్కటే, ఎందుకంటే ఎప్పుడు నీ వంతు వస్తుందో తెలియదు. పద్ధతి ఇట్లా ఉండేది. పల్లవి పాడకూడదు. చరణం రాగం మాత్రం మూసిన నోటితో తీయాలి. సినిమా పేరు చెబితే ఒక గీత, పాడిందెవరో చెబితే రెండు, రాసిందెవరో చెబితే మూడు. బొగ్గుతో బ్యారన్ గోడ మీద గీతలు. తెల్లారేసరికి ఎవరికి తక్కువుంటే వాళ్లు అందరికీ టీ పోయించాలి. మధ్యమధ్యలో ఒకడు లేచి సెగ చూసి రావాలి, కట్టె తోయాలి. చూసి రావడానికి పోయినవాడి వంతు దాటేసేవాళ్లు కాదు, అది కట్టుబాటు.

ఆ గోడ మీద ఎక్కువ గీతలు ఎవరివో తెలుసా? మా దగ్గర కట్టె మోసే ఒక పెద్దాయనవి. వేలిముద్ర మనిషి. మేం ఇంటర్ దాకా చదివినవాళ్లం ఆయన ముందు ఆగలేకపోయేవాళ్లం. పగలు ఆయన్ని ఒరేయ్ అని పిలిచే మోతుబరి కొడుకులు రాత్రి ఆ అరుగు మీదే పక్కన కూర్చుని, నువ్వు చెప్పు మామా, ఇది ఎవరు రాశారు అని అడిగేవాళ్లు. తెల్లారాక మళ్లీ ఒరేయ్‌లు మొదలయ్యేవి. ఆటతో ఊరు మారిపోయిందని నేను చెప్పను. కానీ రాత్రి ఒక మర్యాద ఉండేది, అది నేను చూశాను.

గొంతులు పోల్చడంలో అందరం బోల్తా పడేవాళ్లం. ఘంటసాల గారు 1974లో పోయారు. వి. రామకృష్ణ గొంతు ఆయన గొంతుకు దగ్గరగా ఉండేది, ఆ రెండింటి మీద ఎన్ని పందేలో! బాలు గారైతే మరీ చిక్కు. తెర మీద ఎవరుంటే వాళ్లకు తగ్గట్టు గొంతు మార్చేవాడు. 1976లో వచ్చిన మనుషులంతా ఒక్కటే సినిమాలో అల్లు రామలింగయ్యకు పాడితే, అల్లువారే పాడుకున్నారని వాదించినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు.

ఆడవాళ్ల ఆట వేరు. మిరపకోతలో రెండు మునాలు పక్కపక్కన పడితే అంత్యాక్షరి. ఒక మునం పాట ఏ అక్షరంతో ఆపితే రెండో మునం ఆ అక్షరంతో ఎత్తుకోవాలి. హిందీ పద్ధతి తెలుగులో నేరుగా కుదరదు. మనకు ణ, ళ లతో మొదలయ్యే పాటలు ఏవి? అందుకని ణ వస్తే న, ళ వస్తే ల అని ఒప్పందం. ఠ దగ్గర మాత్రం ఒప్పందం లేదు, తగువే. మాట కోసం వెతుకుతుంటే చెయ్యి ఆగకూడదు, ఆగితే పక్క మునం ముందుకుపోతుంది. మేస్త్రీలు ఈ ఆటను వద్దనకపోవడానికి కారణం అదే. పాటల మీద ప్రేమతో కాదు, పాడుతూ కోస్తే పొద్దుగుంకే లోపల రెండు సాళ్లు ఎక్కువ తెగుతాయి. కూలి మాత్రం అంతే. ఇది కూడా చరిత్రలో రాయాల్సిందే.

తరువాత టీవీ వచ్చింది. దూరదర్శన్ చిత్రలహరి రోజున ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు ఊరంతా. ప్రేమ పావురాలు వచ్చాక పిల్లలందరికీ అంత్యాక్షరి పిచ్చి పట్టింది. 1993లో జీ టీవీలో అన్నూ కపూర్ అంత్యాక్షరి, 1996లో ఈటీవీలో బాలు గారి పాడుతా తీయగా. కాలేజీ పిల్లలు నోరు మెదపకుండా సైగలతో సినిమా పేరు చెప్పే డంబ్ షరాడ్స్ పట్టుకొచ్చారు. ఫ్రెంచివాళ్ల దగ్గర మాటల పొడుపుగా పుట్టి, ఇంగ్లీషువాళ్ల ఇళ్లలో నటించే ఆటగా మారిందట అది. మా దగ్గర అంతగా అతకలేదు. చీకట్లో సైగలు ఎవరికి కనబడతాయి?

ఇప్పుడు పాట వినిపిస్తే ఫోనే పేరు చెప్పేస్తుంది. షాజామ్ అని 2002లోనే ఇంగ్లండులో వచ్చింది. అప్పుడు 2580 నంబరుకు ఫోన్ చేసి పాట వినిపిస్తే పేరు మెసేజ్ పంపేవాళ్లు. 2020 నుంచి గూగుల్‌కు కూనిరాగం తీసినా చాలు. ఆట పోయింది దీనివల్లే అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. బ్యారన్ దగ్గర ఫోన్ పక్కన పెట్టించడం పెద్ద పనేం కాదు. అసలు కారణం వేరే. అప్పుడు ఊరంతా ఒకే రేడియో విన్నది. మా నాయనకు, నాకు, ఆ కట్టె మోసే పెద్దాయనకు తెలిసిన పాటలు ఒకటే. అందుకే పందెం కుదిరింది. ఇప్పుడు నలుగురు కోతకొస్తే నాలుగు జతల ఇయర్‌ఫోన్లు, ఎవరి పాట వాళ్ల చెవిలో. మా అబ్బాయి హమ్ చేసేది నాకు తెలియదు, నేను తీసేది వాడికి తెలియదు. ఉమ్మడి సొత్తు లేనిచోట పందెం దేనిమీద కాస్తాం?

అయినా పోయిన సీజన్లో కరెంటు పోయిన ఒక రాత్రి మావాళ్లు నలుగురు మళ్లీ మొదలుపెట్టారు. రాసిందెవరో మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు, మూడు గీతల ప్రశ్న తీసేశారు.

మా బ్యారన్ గోడ మీద ఎక్కువసార్లు గెలిపించిన ప్రశ్న ఒకటి మీకు వదిలేస్తున్నా. ఫోన్ చూడకుండా చెప్పాలి. భారతంలోని ఐదుగురు అన్నదమ్ముల ఇంటి పెళ్లి కథ. సినిమా మొత్తం మీద ఆ ఐదుగురిలో ఒక్కడూ తెర మీద కనబడడు. ఏ సినిమా?