చెప్పడానికి నువ్వెవరు?

అమెరికా అంతర్యుద్ధ కాలంలో సైన్యానికి సరుకు అమ్మిన గుత్తేదార్లలో కొందరు తుపాకుల పెట్టెల్లో రంపపు పొట్టు నింపి పంపారని, రోగిష్టి కంచరగాడిదలను అంటగట్టారని గగ్గోలు పుట్టింది. 1863 మార్చి 2న లింకన్ సంతకంతో ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ వచ్చింది. తప్పుడు బిల్లులతో ప్రభుత్వాన్ని మోసం చేసినవారి మీద ప్రభుత్వం తరఫున ఏ పౌరుడైనా దావా వేయవచ్చు. రుజువైతే నష్టానికి రెట్టింపు, ఒక్కో తప్పుడు బిల్లుకు 2,000 డాలర్లు కట్టాలి. వసూలైనదాంట్లో సగం దావా వేసినవాడిది. దొంగను దొంగచేతే పట్టించడం దీని ఉద్దేశమని సెనేటర్ జేకబ్ హోవార్డ్ సభలో దాపరికం లేకుండా చెప్పాడు.

ప్రతివాదుల తొలి గట్టి వాదన అక్కడే పుట్టింది: చెప్పడానికి నువ్వెవరు? పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ప్రభుత్వ పనుల టెండర్లలో కుమ్మక్కైన ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల మీద ప్రభుత్వమే క్రిమినల్ కేసు పెట్టి జరిమానా కట్టించింది. ఆ తర్వాత ఒకాయన వాళ్ల మీద ఈ చట్టం కింద దావా వేశాడు. అభియోగ పత్రాన్ని చూసి రాశాడే తప్ప కొత్తగా చెప్పిందేమీ లేదని కాంట్రాక్టర్లు వాదించారు. చట్టంలో అలాంటి అడ్డేమీ లేదని 1943లో సుప్రీంకోర్టు తేల్చింది. కాంగ్రెస్ ఆ ఏడాదే అడ్డు పెట్టింది. ప్రభుత్వానికి ముందే తెలిసిన సంగతి మీద ఇక దావా చెల్లదు.

ఎత్తిరాతగాళ్ల కోసం కట్టిన ఆ గోడ నిజాయితీపరులకే తగిలింది. పేదల వైద్యానికి ప్రభుత్వం డబ్బిచ్చే మెడికెయిడ్ పథకంలో ఒక మోసాన్ని విస్కాన్సిన్ రాష్ట్రం తానే తవ్వితీసి, నిబంధన ప్రకారం కేంద్రానికి తెలియజేసింది. తర్వాత దావా వేస్తే, కేంద్రానికి ముందే తెలుసు కనుక చెల్లదని 1984లో అప్పీలు కోర్టు కొట్టేసింది. కేంద్రానికి చెప్పింది ఆ రాష్ట్రమే! బిల్లు నిజమా కాదా అన్నది పక్కకుపోయి, చెప్పినవాడి అర్హతే కేసంతా అయిపోవడం అన్యాయం.

1986లో కాంగ్రెస్ ఆ గోడను చాలావరకు కూల్చింది. నష్టపరిహారం మూడు రెట్లయింది. దావా వేసినవారికి వసూలులో 15 నుంచి 30 శాతం దాకా వాటా, పగతో ఉద్యోగం తీసేస్తే రక్షణ ఏర్పడ్డాయి. దావాను ముందు సీల్డ్ కవరులో వేయాలి. అందువల్ల తన మీద దావా ఉన్నట్టు ప్రతివాదికి ఒక్కోసారి ఏళ్ల తరబడి తెలియదు. పత్రికల్లోనో విచారణల్లోనో బయటపడ్డ సంగతి మీద దావాకు అడ్డు మిగిలింది గానీ, స్వయంగా తెలిసి చెప్పినవాడికి దారి ఉంది.

అప్పటినుంచి ప్రతివాదుల పోరాటం చెప్పినవాడి నుంచి చెప్పిన విషయం మీదికి మళ్లింది. ఇది న్యాయమైన పోరాటమేనని నా నమ్మకం. మసాచుసెట్స్‌లో సరైన అర్హత లేని సిబ్బంది చికిత్స చేసిన ఒక అమ్మాయి చనిపోతే, ఆ చికిత్సకు ప్రభుత్వానికి పంపిన బిల్లుల మీద తల్లిదండ్రులు వేసిన దావాలో 2016లో సుప్రీంకోర్టు గీత గీసింది. నిబంధన తప్పితే చాలదు, ఆ తప్పు ప్రభుత్వం డబ్బు చెల్లించే నిర్ణయాన్నే మార్చేంతటిది కావాలి. తెలిసీ ప్రభుత్వం చెల్లిస్తూ వచ్చిందంటే అది ప్రతివాదికి బలమైన ఆధారం. 2023లో మరో గీత పడింది. చట్టాన్ని ఇలా కూడా అర్థం చేసుకోవచ్చని తర్వాత లాయరు చేత చెప్పిస్తే సరిపోదు, బిల్లు పంపిన రోజు ప్రతివాది మనసులో ఏముందన్నదే లెక్క.

పాత ప్రశ్న మాత్రం చావలేదు. 2024 సెప్టెంబరు 30న ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ జడ్జి, ఇలా ప్రైవేటు వ్యక్తులు ప్రభుత్వం తరఫున దావా నడపడమే రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ తీర్పు మీద అప్పీలు వెళ్లింది.

అమెరికాలో మెడికేర్‌కు బిల్లులు పంపే తెలుగు డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. బిల్లింగ్ గుమాస్తా వచ్చి ఇది తప్పండీ అంటే, ఆమె ఎవరని చూడకండి, బిల్లు చూడండి. ఎక్కువ పుచ్చుకున్నట్టు తేలితే 60 రోజుల్లో తిరిగి కట్టాలని 2010 నుంచి చట్టం చెబుతోంది. తెలిసీ ఉంచుకున్న డబ్బు ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కిందికే వస్తుంది.