మాండలిన్ శ్రీనివాస్

ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) కర్ణాటక సంగీతంలో మాండలిన్‌కు చోటు సంపాదించిన తెలుగు విద్వాంసుడు. ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఆరేళ్ల వయసులో శ్రీనివాస్ తన తండ్రి మాండలిన్‌ను చేతబట్టారు.

గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటనే తీగలపై పలికించేవాడు. గాత్రధర్మం ఆ వాద్యంలోకి వచ్చింది ఈ శిక్షణవల్లనే. మాండలిన్ నాదం మీటిన వెంటనే ఆగిపోతుంది. గమకానికి ఇది పెద్ద అడ్డంకి. సాధారణంగా జంటలుగా ఉండే ఎనిమిది తీగల స్థానంలో శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్ వాడి, నాదాన్ని సాగదీయగలిగారు.

తొలి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో జరిగింది. తర్వాత కుటుంబం మద్రాసు చేరింది. 1983లో, పద్నాలుగేళ్లకే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి విదేశీ శ్రోతలను మెప్పించారు. బాలమేధావిగా పేరొందిన వారిలో ఇంత నిలకడగా ఎదిగినవారు అరుదు.

1995లో మైఖేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ ఆల్బమ్ వెలువరించారు. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందంతో ప్రపంచమంతా తిరిగారు. తమ్ముడు రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే. 1998లో పద్మశ్రీ అందుకున్న శ్రీనివాస్, 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో 45 ఏళ్ల వయసులో మరణించారు.