జాతర మైకు వెనుక లెక్క

రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వస్తే సూర్యాపేట మైకు సెట్ల వాళ్లకు చేతినిండా పనే. 1940లో మొదలైన అహూజా కంపెనీ ఆంప్లిఫైయర్ కొనే స్తోమత లేనివాళ్లకు ఒకప్పుడు ఆంప్లిఫైయర్ కట్టిచ్చే రేడియో మెకానిక్కే దిక్కు. రెండు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, హీట్‌సింకు, రేకు డబ్బా. సామానుకు కోఠి గుజరాతీ గల్లీ. కోదాడ వాళ్లకైతే బెజవాడే దగ్గర.

తర్వాత టీడీఏ2030 ఐసీ వచ్చి పని తేలిక చేసింది. తేలికంటే పూర్తిగా కాదు, తిరకాసంతా ట్రాన్స్‌ఫార్మర్‌లోనే.

12-0-12 వేస్తే డీసీ అయ్యాక ఒక్కో వైపు దాదాపు 16 వోల్టులు. ఐసీ తట్టుకునేది 18. మిర్యాలగూడ రైసు మిల్లులు ఆగిన రాత్రి లోడు తగ్గి లైను 260 వోల్టులు దాటితే ఐసీ గోవిందా!

నలుగురు కలిసి సెట్లు కట్టుకునేవాళ్లు సామాను చీటీలో ముందే 9-0-9 ట్రాన్స్‌ఫార్మర్ అని రాసుకోండి.