ఇద్దరు యువకులు, ఒక కెమెరా, మూడు రాళ్ళు

మన సంఘ సభ్యులలో ఇప్పుడు చాలామందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. కోడలి పురిటికో, మనుమడి పుట్టినరోజుకో వెళ్ళి అయిదారు నెలలు ఉండి వస్తున్నాం. వచ్చినవారిని ఏం చూశారని అడిగితే నయాగరా, న్యూయార్కు, డిస్నీలాండు వరుసగా చెబుతారు. మా అబ్బాయి ఉద్యోగం పడమటి తీరాన ఒరెగాన్ రాష్ట్రంలో కావడం వల్ల నాకూ, మా ఆవిడకూ వేరే యోగం పట్టింది. మేము సముద్రపు పక్షులను చూశాం. వాటి వెనుక ఉన్న చరిత్ర తెలుసుకున్నాక, అది మన మిత్రులకు చెప్పదగినదే అనిపించింది.

ఒరెగాన్‌కు పసిఫిక్ మహాసముద్రం వెంట 363 మైళ్ళ తీరం ఉంది. అంటే దాదాపు 580 కిలోమీటర్లు. అది మన బాపట్ల, మచిలీపట్నం తీరాల్లా పల్లంగా ఉండదు. చాలాచోట్ల కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతాయి. సుమారు కోటిన్నర సంవత్సరాల క్రితం తూర్పు నుంచి ప్రవహించి వచ్చిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. మెత్తని నేలను అలలు కోసుకుపోగా, గట్టి రాళ్ళు మాత్రం నీళ్ళ మధ్య గోపురాల్లా నిలబడిపోయాయి. నక్కలూ పిల్లులూ చేరలేని ఆ రాళ్ళే పక్షులకు పురిటిగదులు.

అయితే మనిషి చేరగలడు గదా! ఓషన్‌సైడ్ అనే చిన్న ఊరి ఎదుట సముద్రంలో మూడు పెద్ద రాళ్ళున్నాయి. మూడింటికీ అలలు తొలిచిన కమానులుండటం వల్ల వాటిని త్రీ ఆర్చ్ రాక్స్ అంటారు. 1900 ప్రాంతాల్లో ఆదివారం వస్తే చాలు, వేటసరదా ఉన్నవాళ్ళు పడవ కట్టించుకుని ఆ రాళ్ళ దగ్గరకు వెళ్ళేవారు. పడవ మీద నుంచే తుపాకులు పేల్చేవారు. చచ్చిన పక్షిని తీసుకునేవారూ కాదు, తినేవారూ కాదు. అదొక కాలక్షేపం. తల్లిదండ్రులు పోయిన పిల్లలు రాళ్ళమీదే ఆకలికి మాడిపోయేవి. నూనెకోసం, తోళ్ళకోసం సముద్ర సింహాలను కూడా చంపేవారు.

పోర్ట్‌లాండ్‌కు చెందిన విలియం ఫిన్లీ, హెర్మన్ బోల్‌మన్ అనే ఇద్దరు స్నేహితులు 1901లోనూ, తిరిగి 1903లోనూ అక్కడికి వెళ్ళారు. ఇద్దరూ ముప్పయ్యేళ్ళ లోపువారో, అటూ ఇటూగా ఉన్నవారో! ఆ రోజుల్లో కెమెరా అంటే చేతిసంచిలో పట్టే వస్తువు కాదు. బరువైన పెట్టె, దానిలోకి గాజు పలకలు. సముద్రం శాంతించేదాకా ఒడ్డున కాచుకుని, చిన్న పడవలో ఆ సరంజామా అంతా చేరవేసి, తాళ్ళు పట్టుకుని పైకెక్కి, రాతిమీద ఇరుకైన గట్టున మకాం పెట్టి ఫోటోలు తీశారు.

ఫిన్లీ ఆ ఫోటోలను ఇంట్లో దాచుకోలేదు. ఉపన్యాసాలలో చూపాడు, పత్రికలకు వ్యాసాలు రాశాడు. చివరకు అవి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాకా చేరాయి. 1907 అక్టోబరు 14న రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు వెలువరించి ఆ రాళ్ళను పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించాడు. మన భాషలో చెప్పాలంటే ఒక జీవో! అమెరికా పసిఫిక్ తీరాన అటువంటి రక్షణ పొందిన మొదటి స్థలం అదే. దాని విస్తీర్ణమెంత అనుకున్నారు? పదిహేను ఎకరాలు. ఫైలు చిన్నదే, ఫలితం పెద్దది. ఈనాడు ఆ తీరం పొడుగునా 1,800కు పైగా రాళ్ళు, దీవులు పక్షులకోసం రక్షణలో ఉన్నాయి.

ఇది పక్షులకు దక్కిన హక్కు. మరి చూడవచ్చే మనిషి సంగతి? దానికీ ఒక కథ ఉంది. 1913లో గవర్నరుగా ఉన్న ఆస్వాల్డ్ వెస్ట్ తీరం ప్రైవేటు వారి పాలవుతుందని గ్రహించి ఒక ఉపాయం పన్నాడు. అలలు తడిపే ఇసుకను రాజమార్గంగా ప్రకటిస్తూ చాలా చిన్న బిల్లు పెట్టాడు. రోడ్డును ఎవరు కొనగలరు? శాసనసభ ఆమోదించింది. తరువాత 1966లో ఒక మోటలు యజమాని పొడి ఇసుక మాత్రం నాదేనంటూ అడ్డుకట్టాడు. జనం మండిపడ్డారు. 1967లో గవర్నరు టామ్ మెకాల్ సంతకంతో పొడి ఇసుక మీద కూడా ప్రజలు తిరిగే హక్కు చట్టమైంది. కనుక ఆ ఇసుకమీద నడవడానికి ఎవరినీ అడగనక్కరలేదు.

ఇక ఎక్కడికి వెళ్ళాలో చెబుతాను. పోర్ట్‌లాండ్ నుంచి దాదాపు 80 మైళ్ళ దూరంలో కానన్ బీచ్ ఉంది. అక్కడ 235 అడుగుల ఎత్తున గడ్డివాములాంటి రాయి, పేరూ అదే, హేస్టాక్ రాక్. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా టఫ్టెడ్ పఫిన్ అనే పక్షి దానిమీద బొరియలు చేసుకుని పిల్లలను పెంచుతుంది. నల్లని ఒళ్ళు, తెల్లని ముఖం, నారింజరంగు ముక్కు, కళ్ళ వెనుక పసుపుపచ్చని కుచ్చులు. "పూలు తురుముకుని పేరంటానికి వచ్చినట్టుంది" అన్నది మా ఆవిడ. 1985 నుంచి అక్కడ స్వచ్ఛంద సేవకులు టెలిస్కోపులు పెట్టి వచ్చినవారికి చూపిస్తున్నారు. మాకు చూపించినాయన నా ఈడువాడే.

దక్షిణంగా దిగితే కేప్ మేర్స్. 1890 నాటి పొట్టి దీపస్తంభం దగ్గర నుంచి, పక్కనే ఉన్న ఓషన్‌సైడ్ ఒడ్డు నుంచి త్రీ ఆర్చ్ రాక్స్ కనబడతాయి. వాటిమీద కాలు పెట్టడానికి ఎవరికీ అనుమతి లేదు.

ఇంకా దక్షిణాన న్యూపోర్ట్ దగ్గర యాక్వినా హెడ్. 1873లో వెలిగిన 93 అడుగుల దీపస్తంభం, దాని ముందే పక్షుల రాయి. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇదే మేలు. కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. మే నుంచి జూలై దాకా కామన్ మర్ అనే పక్షులు వేల సంఖ్యలో నల్లకోట్లు తొడిగిన ప్లీడర్ల సభలా నిలబడి ఉంటాయి. గూడు కట్టవు. ఉత్త రాతిమీద ఒక్కటంటే ఒక్క గుడ్డు. పిల్ల మూడువారాలకే, ఎగరడం రాకుండానే, సముద్రంలోకి దూకుతుంది. ఆపైన కొన్ని వారాలు నీటిమీద దాన్ని సాకేది తండ్రే. నీటికాకులు, గూడబాతులు, అదృష్టముంటే తిమింగలాలు కూడా కనబడతాయి.

కథ ఇక్కడితో సుఖాంతమని మాత్రం అనుకోవద్దు. డీడీటీ వల్ల గుడ్ల పెంకులు పలచబడి బాల్డ్ ఈగల్ అనే తెల్లతల గద్దలు నశించే స్థితికి వచ్చాయి. 1972లో ఆ మందును నిషేధించాక అవి కోలుకున్నాయి. 2007లో ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి బయటపడ్డాయి. ఆ గద్దలే ఇప్పుడు మర్ పక్షుల మీద పడుతున్నాయి. పెద్దలు బెదిరి లేచిపోగానే ఇతర పక్షులు గుడ్లు ఎత్తుకుపోతాయి. కొన్నేళ్ళు యాక్వినా హెడ్‌లో పిల్లలు దాదాపు దక్కనేలేదు. 1980ల చివర వేలల్లో ఉన్న ఒరెగాన్ పఫిన్లు వందల్లోకి పడిపోయాయి. ఒక జీవో ఇచ్చి ఫైలు మూసేస్తే సరిపోదని మనకంటే ఎవరికి బాగా తెలుసు?

వెళ్ళేవారికి రెండు మాటలు. జూలైలో కూడా చలిగాలి కొడుతుంది. స్వెట్టరు, మఫ్లరు మరవవద్దు. బైనాక్యులరు తీసుకువెళ్ళండి. సముద్రానికి వీపు పెట్టి నిలబడవద్దు, ఉన్నట్టుండి పెద్ద అల వస్తుంది. ఎంత ముచ్చటేసినా పక్షుల రాయి ఎక్కవద్దు.

ఒకప్పుడు తుపాకులతో పడవలు చేరిన రాళ్ళను ఈనాడు మనం ఒడ్డున కుర్చీ వేసుకుని, మనుమడిని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తున్నాం. ఆ మధ్య దూరాన్ని మొదట కొలిచినవారు ఆ ఇద్దరు స్నేహితులు. పిల్లవాడికి పక్షిని చూపేటప్పుడు ఆ ఇద్దరి పేర్లు కూడా ఒకసారి చెప్పండి.