టీవీకిని కంప్యూటరునకును గల పాతపొత్తు

ల్యాప్‌టాపును టీవీకి కలిపినపుడు తెర నల్లగా నుండిపోవుటయు, బొమ్మ వచ్చినను దాని అంచులు తెగిపోవుటయు, బొమ్మ టీవీలో కనబడుచుండ ధ్వని మాత్రము ల్యాప్‌టాపునుండి వినవచ్చుటయు నేటి గృహస్థులకు నిత్యానుభవములే. ఇవి యన్నియు తీగ దోషములని పలువురు తలంతురు గాని, వీనిలో పెక్కింటికి కారణము ఆ రెండు యంత్రములును వేర్వేరు వంశములందు పుట్టి, వేర్వేరు అవసరములకై పెరిగి, కాలక్రమమున అయిష్టముగనే బంధుత్వము కలుపుకొనుటయే.

ఆకాశమార్గమున వచ్చు తరంగములను యాంటెన్నాతో పట్టి చూపుటకే టీవీ నిర్మింపబడినది. 1970వ దశకమున ఇండ్లలో వాడుకొను కంప్యూటర్లు వెలువడినపుడు, వానికి ప్రత్యేకముగ తెర కొనుట సామాన్యులకు భారమగుటచే, నిర్మాతలొక ఉపాయము పన్నిరి. కంప్యూటరునుండి వచ్చు బొమ్మను మాడ్యులేటరను చిన్నపెట్టెలో రేడియో తరంగముగ మార్చి, యాంటెన్నా తీగ తగిలించు చోటనే తగిలించి, టీవీ దానిని ఒక ప్రసారకేంద్రమని భ్రమించునట్లు చేసిరి. అమెరికాలో 3వ లేక 4వ ఛానెలును, ఇంగ్లండులో 1982లో వెలువడిన సింక్లెయిర్ స్పెక్ట్రమునకు 36వ ఛానెలును ఇందుల కుపయోగపడెను. ఇట్టి పెట్టెల తరంగములు పొరుగిండ్ల టీవీలను చెఱచునను శంకచే అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను నిబంధనలు కఠినముగ నుండుటవలన, 1977లో వచ్చిన ఆపిల్ 2 యంత్రము మాడ్యులేటరు లేకయే విక్రయింపబడెను. ఆ పెట్టెను కొనువారు వేఱొక సంస్థవద్ద విడిగ కొనుక్కొనిరి. చట్టమును ధిక్కరింపకయే దానిని తప్పించుకొనిన ఈ యుక్తి వ్యాపారచాతుర్యమునకు మేలైన ఉదాహరణము. అక్షరములు మాత్రము మసకబారి, అంచులందు రంగులు చిందుచుండెడివి. అందుచేతనే ఆపిల్ 2 వరుసకు 40 అక్షరములతోను, స్పెక్ట్రము 32 అక్షరములతోను సరిపెట్టుకొనవలసి వచ్చెను.

దేశభేదము మఱియొక చిక్కు తెచ్చిపెట్టెను. మన దేశమున 1982లో రంగుల ప్రసారము మొదలైనపుడు స్వీకరించిన పాల్ పద్ధతిలో చిత్రమునకు 625 గీతలు, సెకనుకు 25 చిత్రములు. అమెరికావారి ఎన్‌టిఎస్‌సి పద్ధతిలో 525 గీతలు, ఇంచుమించుగ 30 చిత్రములు. కావున అమెరికానుండి తెచ్చిన యంత్రమును హైదరాబాదులోనో విజయవాడలోనో టీవీకి తగిలించినచో, బొమ్మ రంగులు కోల్పోవుటయో క్రిందికి మీదికి దొర్లుటయో సంభవించెడిది.

ఈ దోషములన్నియు కాలగర్భమున కలిసినను, అంచులు తెగుట మాత్రము చిరంజీవియై నిలిచినది. గాజుగొట్టపు టీవీలలో విద్యుత్తు హెచ్చుతగ్గులనుబట్టి బొమ్మ పెరిగి తరిగి, చుట్టును నల్లని పట్టీ కనబడుచుండెడిది. అది కానరాకుండుటకై తయారీదారులు బొమ్మను తెరకంటె కొంత పెద్దదిగ సాగదీసిరి. వార్తలు చదువువాని భుజము కొంత తెగినచో నష్టమేమి? కంప్యూటరు తెరపైననో, పనిముట్లన్నియు అంచులందే యుండును. గొట్టము పోయినది, అందు బొమ్మను గీసెడి కిరణము పోయినది. అయినను పలుచని టీవీలు సయితము ఆ సాగదీయుటను విడువలేదు. ఇది కారణము నశించిన పిదపను మిగిలిన నిరర్థకాచారమనియే నా అభిప్రాయము.

ఇక యంత్రములను కలుపు తీగల మాట. 1987లో ఐబిఎం సంస్థ తెచ్చిన విజిఎ, మూడు వరుసల 15 పిన్నులతో, బొమ్మను మాత్రమే మోసెడిది; ధ్వనికి వేఱు తీగ కావలసియుండెను. 2002 డిసెంబరులో సోనీ, తోషిబా, ఫిలిప్స్ మున్నగు ఏడు సంస్థలు ప్రకటించిన హెచ్‌డిఎంఐ 19 పిన్నులతో రెండింటిని ఒక్క తీగలో నడిపినది. అయితే దీనితో యంత్రముల సంభాషణము హెచ్చినది. తీగ తగులగనే టీవీ తన శక్తిసామర్థ్యములను, 1994లోనే రూపొందిన ఈడిఐడి అను పట్టికగ నివేదించును. ఆ నివేదిక చేరకున్నచో ల్యాప్‌టాపు ఊహతో బొమ్మ పంపును, లేదా పంపనే పంపదు. అంతటితో తీరక, ఇంటెల్ సంస్థ కల్పించిన హెచ్‌డిసిపి అను కావలివాడొకడు, సినిమాకు నకలు తీయకుండుటకై, ఇరుయంత్రములును రహస్యసంకేతములు మార్చుకొననిదే దృశ్యము చూపనీయడు. ఇతర దృశ్యములు చక్కగ కనబడుచు సినిమా మాత్రము నల్లబడుటకు తఱచు ఇదియే హేతువు. 2010లో దాని మూలసంకేతము బయటపడినది. దొంగకు అడ్డు తొలగెను, డబ్బిచ్చి చూచువానికి మాత్రము మిగిలెను.

కావున పాఠకులు క్రొత్త తీగ కొనుటకు తొందరపడకుందురుగాక. టీవీలో ఎన్నుకొనిన ఇన్‌పుట్ సరియైనదో కాదో చూచి, రెండింటిని ఆపి, తీగను గట్టిగ తగిలించి, ముందు టీవీని, పిదప ల్యాప్‌టాపును వెలిగింపుడు. విండోస్ యంత్రమైనచో విండోస్ మీటతోపాటు 'పి' అక్షరమును నొక్కినచో తెరల ఎంపిక కనబడును. అంచులు తెగినచో మరమ్మతు టీవీ చిత్రపు సెట్టింగులలో నున్నది. ధ్వని రాకున్నచో ల్యాప్‌టాపు ధ్వని సెట్టింగులలో టీవీని ఎన్నుకొనవలెను. వీనిలో దేనికిని లొంగని దోషమైనపుడే తీగను మార్చుడు.