నిప్పుకోడి వంశము

దేవరకొండ దుర్గమును చూచిన మనకు రేచర్ల పద్మనాయకుల కాలమే పురాతనముగా తోచును. అంతకు పూర్వపు జీవకోటి మాట ఆ గ్రానైటు చెప్పజాలదు; అగ్నిశిలలో ఎముకలు దొరకవు. మన దేశమున ఒకప్పుడు తిరిగిన నిప్పుకోడి కథకై వేరుచోట్ల వెదకవలెను.

1871లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మిల్న్-ఎడ్వర్డ్స్ శివాలికు కొండల ఎముకలనుబట్టి స్ట్రుథియో ఏషియాటికస్ అను జాతిని ఏర్పరచెను. నిప్పుకోడి పాదమునకు రెండే వ్రేళ్లు. ఎగురు పక్షుల రొమ్ముటెముకపై నుండు గట్టు దీనికి లేదు. రాజస్థానము, మధ్యప్రదేశములలో దాని గ్రుడ్డు పెంకులును దొరకినవి. అవి కనీసము 25,000 ఏండ్లనాటివి. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు వానినుండి డి.ఎన్.ఏ. తీసి, ఆ పక్షి ఆఫ్రికా నిప్పుకోడికి దగ్గరి చుట్టమని 2017లో ప్రకటించిరి. శివాలికు ఎముకలో, అంతకు లక్షల ఏండ్ల ముందరివి. ఆ గ్రుడ్లు పెట్టిన పక్షికిని, ఈ ఎముకల పక్షికిని ఒకే పేరు తగిలించుట తొందరపాటని మా తలంపు.