నిడదవోలు పురపాలక సంఘము: ఆపత్కాలపు ఆయవ్యయములు

భీమవరము, నరసాపురముల వైపు మార్గము చీలు రైలుకూడలిగా, పశ్చిమ డెల్టా పల్లెలకు అంగడిగా పేరొందిన నిడదవోలునందు 1964లో ఏర్పడిన పురపాలక సంఘము, వజ్రోత్సవ సందర్భమున తాను వేయించిన బాటలను, కట్టించిన భవనములను మాత్రమే కాక, మహమ్మారి దాపురించిన 2020ని గూడ స్మరింపవలసియున్నది. ఏలయన మనము నేడు చెల్లించు ఆస్తిపన్ను రూపురేఖలు ఆ సంవత్సరముననే నిర్ణయమైనవి.

పురపాలక ఖజానాకు మార్చి మాసము రైతునకు కోతలకాలము వంటిది. ఏడాది పొడుగున నిలిచిపోయిన ఇంటిపన్ను, కుళాయిపన్ను బకాయిలు సిబ్బంది గడపగడపకు తిరుగగా ఆ నెలలోనే జమపడును. ఏప్రిలులో ఏడాది పన్ను ఒక్కమారుగా కట్టువారికి ఐదు శాతము తగ్గింపు లభించును. సరిగా ఈ రెండు మాసముల సంధియందే, 2020 మార్చి 25న, దేశమంతట లాక్‌డౌన్ మొదలయ్యెను. దుకాణములు మూతపడిన అద్దెలు రావు. సంత సాగనిచో ఆశీలు లేదు. కట్టడము లాగిన ప్లాను రుసుము లుండవు. రిజిస్ట్రేషన్లు తగ్గిన స్టాంపు సుంకముపై సర్‌చార్జియు తగ్గును. వ్యయపక్షమున మాత్రము, వీధులూడ్చుట, కాలువల పూడిక తీయుట, కుళాయిలకు నీరిచ్చుట ఒక్కపూటయు ఆపరానివి. పైగా బ్లీచింగు, హైపోక్లోరైటు ద్రావణముల ఖర్చు క్రొత్తగా వచ్చిపడినది. ఉద్యోగుల జీతములలో కొంతభాగమును వాయిదా వేసిన రాష్ట్ర ప్రభుత్వమే పారిశుద్ధ్య సిబ్బందికి మినహాయింపు నొసగుట, ఆ పనులు ఆపరానివనుటకు నిదర్శనము.

ఇట్టి తరుణమున పన్నులను గూర్చి చర్చించుటకు ఎన్నికైన పాలకవర్గము లేకపోయెను. గత పాలకవర్గపు గడువు 2019 జూలైలో ముగిసినది. తరువాతి ఎన్నికలు 2020 మార్చి 15న వాయిదాపడి, 2021 మార్చి 10న గాని జరుగలేదు. ఇరువదియెనిమిది వార్డుల పట్టణము అంతవరకు ప్రత్యేకాధికారి పాలనయందే యుండెను.

ఈలోగా, ఆదాయము క్షీణించిన రాష్ట్రములకు అదనముగా అప్పు తెచ్చుకొన ననుమతించుచు, కేంద్ర ప్రభుత్వము 2020 మే మాసమున అందులో కొంతభాగమును పట్టణ సంస్కరణలతో ముడిపెట్టెను. ఆ నిబంధనలను మొట్టమొదట నెరవేర్చిన రాష్ట్రములు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. తత్ఫలితముగా మన రాష్ట్రమునకు 2,525 కోట్ల రూపాయల అదనపు ఋణానుమతి దక్కినది. ఆ సంస్కరణలలో భాగముగానే, వార్షిక అద్దె విలువకు మారుగా ఆస్తి మూలధన విలువపై పన్ను విధించు పద్ధతి 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఏటి పెంపు పదునైదు శాతమునకు మించరాదని హద్దు నేర్పరచిరి. రాష్ట్రమునకు కావలసిన అప్పునకు హామీగా నిలిచినది, ఒక విధముగ, ఊరివారి ఇంటిపన్నే!

వ్యాధి తగ్గుముఖము పట్టినను పన్ను పద్ధతిలో వచ్చిన మార్పు నిలిచియే యున్నది. కావున రాబోవు పాలకవర్గములు పెరిగిన రాబడిలో కొంత మినహాయించి, కనీసము మూడు నెలల పారిశుద్ధ్య, నీటిసరఫరా వ్యయములకు సరిపోవు నిధిని ప్రత్యేకముగా నిలువచేసి, దాని లెక్కను ఏటేట కౌన్సిలు సమావేశమున చదివి వినిపించుట సముచితము.